పాలు మానిన పిమ్మట



మన దేశమున భోజనమునకు పెరుగన్నము భరతవాక్యము. పప్పు, కూర, పులుసు ఎన్ని వడ్డించినను, కడపట పెరుగో మజ్జిగయో విస్తరిలో పడక మునుపే లేచినవానిని మన పెద్దలు భోజనము చేసినవానిగా నెంచరు. అట్టి దేశమున పుట్టి, అఱువది యేండ్లు రెండు పూటల పెరుగన్నము తిని, పిమ్మట పదునెనిమిది మాసములు పాలు, పెరుగు, నేయి సమస్తమును విడిచిపెట్టినవాడను నేను. అంతకు ముందే గోధుమను విడిచితిని. ఈ రెండును మానిన పిమ్మట నా శరీరమున కొన్ని మార్పులు కలిగెను. వానిలో నేను కోరినవి కొన్ని, కలనైనను తలపనివి కొన్ని. వానిని మీకు విన్నవించుటకే నేడు వచ్చితిని.

నేను వైద్యుడను గాను. ముప్పది నాలుగేండ్లు బడిపిల్లలకు తెలుగును సంస్కృతమును చెప్పినవాడను. ఐనను ఈ ప్రసంగమునకు పూనుకొనుటకు కారణ మొకటి కలదు. నా మాట విని మఱి యిద్దఱు పాలు మానిరి. ఆ ఋణము నాపై నున్నది.

వరియన్నము తినువానికి గోధుమతో నేమి పని యని మీరడుగవచ్చును. నా యేబది యెనిమిదవయేట మధుమేహము బయటపడినది. నాడు మొదలు మా యింట రాత్రివేళ అన్నము పోయి చపాతి వచ్చెను. ఉదయము ఇడ్డెనలు పోయి గోధుమరవ్వ ఉప్మా వచ్చెను. ఇది నా యొక్కని కథ కాదు. ఈనాడు మన గ్రామములలో అఱువది దాటినవారున్న యిండ్లలో చీకటి పడగానే పెనము పొయ్యి నెక్కుట సర్వసాధారణము. గోధుమ మధుమేహమునకు ఔషధమన్నంతగా లోకమున వాడుక యేర్పడినది. తిను ధాన్యమెంత ముఖ్యమో తిను పరిమాణమును అంత ముఖ్యమని వైద్యులు చెప్పుదురు గాని, ఆ మాట ఎవరికి రుచించును?

రెండేండ్లు గడచునప్పటికి నా కడుపు తిరుగబడినది. తిన్న గడియకే ఉబ్బుట, గుడగుడలు, దినమునకు నాలుగైదు మార్లు పలుచని విరేచనములు. బరువు 64 కిలోగ్రాముల నుండి 53కు దిగినది. చొక్కాలు కొంకికి తగిలించినట్లు వ్రేలాడజొచ్చెను. నాకున్న కొద్దిపాటి శాస్త్రపరిచయముతో దీనిని గ్రహణి యని నేనే నిర్ణయించుకొని శొంఠి, వాము, దానిమ్మతొక్క కషాయము సేవించుచుంటిని. పేరు పెట్టుటలో నేను అంతగా తప్పలేదు. కారణము కనుగొనుటలో తప్పితిని. తుదకు పట్టణమున నొక వైద్యుడు రక్తము పరీక్షింపజేసి, గొంతు మార్గమున సన్నని గొట్టమును దింపి, చిన్నప్రేవు మొదటి భాగము నుండి ఆవగింజంతటి తునుకలు తీయించి చూచి, ఇది సీలియాక్ అను వ్యాధి, జీవితాంతము గోధుమ ముట్టరాదని చెప్పెను.

గోధుమలో నున్న దోషమేమో చూడదలచినవారు ఇంటనే చూడవచ్చును. పిండిని గట్టిగా తడిపి ముద్దచేసి, నీటిధార క్రింద మెల్లగా పిసుకుచు కడిగినచో తెల్లని గంజి యంతయు కొట్టుకొనిపోయి, చేతిలో బంకవలె సాగెడి ముద్ద మిగులును. దానికే గ్లూటెన్ అని పేరు. చపాతి విఱుగక సాగుట, బొబ్బట్టు చినుగక పలుచనగుట దాని మహిమయే. యవలయందును అట్టి పదార్థమే కలదు. వరి, జొన్న, సజ్జ, కొఱ్ఱలందు లేదు; చోళ్లనుడు, రాగులనుడు, తైదలనుడు, వానియందును లేదు. నూటికి తొంబదితొమ్మండ్రకు ఈ బంక వలన కీడేమియు లేదు. కొందఱి దేహమున మాత్రము, కాపాడవలసిన రక్షకబలమే దీనిని చూచి భ్రమించి, చిన్నప్రేవు లోపలి పొరపైననే కత్తి దూయును. ఆ పొర మఖమలు గుడ్డవలె లెక్కకు మిక్కిలియగు సన్నని మొలకలతో నిండియుండును. అన్నసారమును పీల్చునవి ఆ మొలకలే. అవి అరిగి నేలమట్టమైనచో, మనిషి కడుపార తినుచునే కృశించును.

ఈ రహస్యము తెలిసిన విధము చిత్రమైనది. రెండవ ప్రపంచయుద్ధపు చివరి శీతకాలమున, అనగా 1944-45లో, హాలెండు దేశమున ఘోరమైన కఱవు వచ్చినది. రొట్టె దొఱకక జనులు అలమటించిరి. అక్కడ డికె అను బాలవైద్యు డొకడు ఈ వ్యాధి గల పిల్లలకు చికిత్స చేయుచుండెడివాడు. లోకమంతయు ఆకలితో చిక్కిపోవుచుండగా ఆ పిల్లలు కోలుకొనిరి. తిరిగి రొట్టె వచ్చినంతనే వారి వ్యాధియు తిరిగి వచ్చినది. గోధుమపై నాయనకు అంతకు పూర్వమే యున్న సందేహము బలపడెను. 1950లో ఆయన దీనిని సిద్ధాంతగ్రంథముగ వెలువరించెను. మన దేశమున ఈ వ్యాధి ఉత్తరమున వేయిమందిలో పన్నెండుగురికి, దక్షిణమున వేయింట ఒకనికి ఉన్నట్లు 2016లో ప్రకటితమైన పరిశోధనలో తేలినది. ఇది వచ్చుటకు అనుకూలమైన జన్మబీజము దక్షిణాదివారికి తక్కువేమియు లేదట. మనము వరి తినువార మగుటచేత అది నిద్రించుచున్నది. నేను చపాతితో దానిని లేపుకొంటిని.

సరి, గోధుమ మానితిని. చపాతి, ఉప్మా, సేమియా, బొబ్బట్లు అన్నియు పోయెను. సత్యనారాయణవ్రతమునకు పిలిచినవారి యింట ప్రసాదము చేతికిచ్చినప్పుడు పడిన సంకటము చెప్పనలవి కాదు; అది గోధుమరవ్వతో చేసినది గదా. కన్నుల కద్దుకొని ప్రక్కనున్న పిల్లవాని కిచ్చుట నేర్చుకొంటిని. మూడు మాసములలో వ్యాధి సగము తగ్గెను. కాని సగమే. ఉదయము పాలు త్రాగిన గంటకు గుడగుడ, రాత్రి పెరుగన్నము తిన్న పిమ్మట ఉబ్బు, మఱునాడు విరేచనములు. అప్పుడు నాకు తోచినదేమనగా, గోధుమతోపాటు పాలును నాకు శత్రువేయని. వైద్యుని అడుగలేదు. ఒక శుభదినము చూచుకొని పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, నేయి, పాలకోవాతో సహా సమస్తమును మానివేసితిని.

మా యింటి యామె ఆనాడు విస్తరి ముందు నిలిచి, "పెరుగు లేకుండా లేస్తే అది భోజనమేనా? చారన్నంతో చెయ్యి కడిగేస్తారా?" అని కంట నీరు పెట్టుకొన్నది. ఐనను నా పట్టు విడువలేదు. నాలుగవ దినమునకు కడుపు చల్లబడెను. గుడగుడలు మాయమయ్యెను. రాత్రి నిద్ర పట్టెను. రెండు మాసములలో నాలుగు కిలోగ్రాములు పెరిగితిని. ఇంక నాకు పట్టపగ్గములు లేవు. అరుగుమీద కూర్చున్నవారికెల్ల పాలు మానుడని బోధింప మొదలిడితిని. పదవీవిరమణ చేసిన ఉపాధ్యాయునకు శిష్యులు లేని కొఱత పెద్దకొఱత. ఎవరు దొఱకినను విడువడు. నా మిత్రుడొకరు, పూర్వము తపాలా కార్యాలయమున పనిచేసినవారు, ఆయనయు, నాకు వరుసకు పినతల్లియగు నొక వృద్ధురాలును నా మాట నమ్మిరి.

ఆఱు మాసములు దాటిన పిమ్మట, తలపని మార్పులు ఒకటొకటిగ రాజొచ్చెను. మొదట రాత్రులందు పిక్కలు పట్టుట. నిద్రలో నుండి కేక వేసి లేచెడివాడను. పిదప మలబద్ధము. ఒకనాడు విరేచనములతో బాధపడినవానికి అది వరముగనే తోచెను గనుక లెక్కచేయలేదు. ఏడాది నిండునప్పటికి నాలుక యెఱ్ఱబాఱి అద్దమువలె నునుపై, కారము తగిలినచో మంట పెట్టజొచ్చెను. పాదములలో తిమ్మిరి, చీమలు ప్రాకినట్లుండును. నేలమీద నడచుచున్నను పఱుపుమీద నడచినట్లుండును. అందఱును, "సుగరుంది కదా, అదేలెండి" అనిరి. నేనును అట్లే అనుకొంటిని. ముఖము పాలిపోయినదని ఎవరో చెప్పగా, అంగడిలో రక్తము పట్టు మాత్రలని ఇచ్చినవి, ఇనుమును ఫోలిక్ ఆమ్లమును గలవి, కొని మ్రింగితిని. ముఖమునకు కొంత కళ వచ్చినది. తిమ్మిరి మాత్రము పాదములనుండి మోకాళ్లకు ప్రాకినది.

రెండు సంగతులు నన్ను భయపెట్టినవి. ప్రాతస్సంధ్యలో అర్ఘ్యము విడిచి, నిలుచుండి కన్నులు మూసి జపము చేయుచుండగా, ఒకనాడు దేహము ప్రక్కకు ఒఱగినది. గోడ పట్టుకొంటిని. కన్నులు తెఱచిన యెడల ఏ బాధయు లేదు; మూసినచో నేల ఎక్కడ నున్నదో కాళ్లకు తెలియదు. రెండవది ఇంతకంటె ఘోరము. మనుమనికి అమరకోశము చెప్పుచు, ఎనిమిదవయేట నేర్చి యెన్నడును పుస్తకము చూడనక్కఱలేని స్వర్గవర్గమున నడుమ ఆగిపోయితిని. తరువాతి మాట రాలేదు. వాడే పుస్తకము చూచి అందించెను. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఉబ్బసమో, కీళ్లనొప్పులో వచ్చిన సహింపవచ్చును. నాకున్న ఆస్తి యంతయు నోటనున్న ఆ విద్యయే.

నా పూర్వవిద్యార్థి యొకడు నరముల వైద్యుడై యున్నాడు. వాని యొద్దకు పోయితిని. వాడు, "మాస్టారూ, పాదాలు దగ్గరగా పెట్టి కళ్లు మూసుకోండి" అనెను. మూసితిని, వాడే పట్టుకొనెను. ఒక చిన్న సుత్తితో మోకాలు తట్టెను, కంపించు నొక ఉక్కుముక్కను చీలమండపై నుంచి "తెలుస్తోందా?" అని యడిగెను. నాకేమియు తెలియలేదు. పిదప రక్తము పరీక్షింపజేసెను. బి12 అను విటమిను 200కు తక్కువ కాకూడనిచోట నాకు 96 ఉన్నది.

వాడు చెప్పినది నాకు బోధపడినంత మీకు చెప్పెదను. ఈ బి12 నరములపై నుండు తొడుగునకును రక్తోత్పత్తికిని అవసరము. దినమునకు కావలసినది రెండు మైక్రోగ్రాములకు అటునిటు, అనగా గ్రామును పదిలక్షల భాగములు చేసిన రెండు భాగములు. దీనిని చేయగలవి సూక్ష్మజీవులు మాత్రమే. ఆకుకూరలో లేదు, పప్పులో లేదు, నువ్వులలో లేదు. మాంసము, చేపలు, గ్రుడ్లు తినువారికి వానినుండి లభించును. శాకాహారికి గల ద్వారము పాలు, పెరుగు, మజ్జిగ. అరలీటరు పాలలో ఇంచుమించు ఒక దినమునకు చాలినంత యుండును. నేను ఆ యొక్క ద్వారమును మూసికొంటిని. కాలేయమున కొన్ని యేండ్లకు సరిపడు నిలువ యుండును గనుక సాధారణముగ లోటు వెంటనే తెలియదు. నా విషయమున ఆ నిలువ ముందే కరగినది. ప్రేవు దెబ్బతినియుండుట యొకటి. మధుమేహమునకు నేను ఏండ్ల తరబడి మ్రింగుచున్న మెట్‌ఫార్మిన్ అను మాత్ర బి12ను లోనికి పోనీయకుండుట రెండవది. అంతమాత్రమున ఆ మాత్రను మానరాదు. అది మంచి మందు. దానిని చాలకాలముగ వాడువారు అప్పుడప్పుడు రక్తమున బి12 ఎంతయున్నదో చూపించుకొనవలయునని మాత్రము వాడు గట్టిగా చెప్పెను.

నేను మ్రింగిన ఫోలిక్ ఆమ్లపు కథ విని వాడు తల పట్టుకొనెను. అది రక్తమును చక్కబఱచి లోటును కప్పిపుచ్చును. నరములను మాత్రము రక్షింపదు. లోపల ఇల్లు కాలుచుండగా వాకిట ముగ్గు పెట్టినట్లు. ఇచ్చట మన తెలుగువాని నొకని తలచుకొనక తప్పదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరు లిద్దఱు స్ప్రూ అను గ్రహణివంటి వ్యాధితోనే మరణించిరి. ఆయనకును ఆ వ్యాధి వచ్చి, వైద్యులగు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే నయమైనది. ఆయన అమెరికాకు పోయి, తన బృందముతో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసిన సంగతి 1945లో వెల్లడియైనది. ఆ స్ప్రూ వ్యాధికే అది మందైనది. 1948లో ఆయన కాలము చేసిరి. ఆ సంవత్సరముననే బి12 స్ఫటికముగ చేతికి చిక్కినది. ఏ మందు ఎవ్వరికి పనికివచ్చునో తెలియక ఆయన అమృతమును నేను నా మీదకే విషముగ తెచ్చుకొంటిని.

పిదప నేనొక ప్రశ్న వేసితిని. పాలు మానగనే నా కడుపు నెమ్మదించిన మాట నిజము గదా, మఱి పాలు దోషి కాదా? వాడు నవ్వి, "మాస్టారూ, మీ ఇంట్లో ఇంగువ డబ్బా ఉంటే తెప్పించండి" అనెను. తెప్పించితిని. వాడు దానిపై సన్నని అక్షరములను చదివి నాకు చూపెను. అంగడిలో దొఱకు ఇంగువ సాధారణముగ శుద్ధమైనది కాదు. జిగురును పిండియు కలిపి చేసినది. మా డబ్బాలోని పిండి గోధుమపిండి. పప్పులో, చారులో, పులిహోరలో, ఊరగాయలో దినదినము నేను గోధుమ తినుచునే యున్నాను. వాడంతటితో నాగక చోడిపిండి ఎక్కడ పట్టించుచున్నారని యడిగెను. ఊరి పిండిమరలో. మాకు ముందు వాయిలో ఏమి పట్టించిరి? గోధుమలే. దినమునకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ కొన్ని మాసములు లోనికి పోయినను ప్రేవుపొర చెడునట. ఒక చపాతిని ఏబది తునుకలు చేసిన ఒక తునుకలో ఇంచుమించు అంత యుండును.

పాలలో క్షీరశర్కర యని నూటికి అయిదు పాళ్ల వఱకు ఒక చక్కెర కలదు. లాక్టోజ్ అని దాని పేరు. అది చిన్నప్రేవులో లాక్టేజ్ అను పాచకద్రవ్యముచే రెండు చక్కెరలుగ విడిపోయిననే ఒంటబట్టును. ఆ పాచకము నేను ముందు చెప్పిన మొలకల కొనలయందు వసించును. వడగండ్లు పడిన చేనిలో ముందు రాలునది కంకి. తుదకు తిరిగి వచ్చునదియు కంకియే. ప్రేవు దెబ్బతిన్నప్పుడు ఈ పాచకమును అట్లే ముందుగ పోవును, చివరకు వచ్చును. జీర్ణము కాని క్షీరశర్కర పెద్దప్రేవునకు దిగి నీటిని గుంజును. అచ్చటి సూక్ష్మజీవులు దానిని పులియబెట్టి వాయువును పుట్టించును. గుడగుడ, ఉబ్బు, విరేచనము. కావున పాలు మానిన కడుపు నెమ్మదించుట నిజము. కాని దెబ్బ కొట్టినది ఇంగువలోని గోధుమ. దెబ్బతిన్న ఇంటికి వచ్చిన అతిథి పాలు. నేను దొంగను పొయ్యి దగ్గఱ నుంచుకొని అతిథిని వీథిలోనికి గెంటితిని.

ప్రేవు చెడకున్నను పాలు పడనివారు లోకమున పెక్కుమంది కలరు. పాలు మఱచిన శిశువునకు ఆ పాచకము క్రమముగ తగ్గుట ప్రకృతిధర్మము. ప్రపంచజనులలో సుమారు మూడింట రెండు వంతులవారికి పెద్దయైన పిదప అది తగ్గును. జీవితాంతము నిలుపు జన్మవిశేషము కొన్ని జాతులకు కలిగినది. హైదరాబాదు శాస్త్రజ్ఞులును పాల్గొన్న ఒక పరిశోధన 2011లో వెలువడెను. ఐరోపావారికి గల విశేషమే మన దేశమునను కలదనియు, పశుపాలకులలో అది మెండనియు, వాయవ్యమున ఎక్కువగ నుండి దక్షిణమునకు, తూర్పునకు పోవుకొలది తగ్గుచున్నదనియు అందు తేలినది. మనలో పాలు పడనివాడు రోగి యనుకొనుట తప్పన్నమాట. అట్టివాడును ఒక గ్లాసెడు పాలను సాధారణముగ భరింపగలడు. పెరుగున కొంత చక్కెర తోడుచుక్కలోని జీవులే తిని తగ్గించును; మిగిలినదానిని అరిగించుటకును తోడ్పడును. నీరు పోసి చిలికిన మజ్జిగలో ఇంకను తక్కువ. నేతిలో లేదన్నంత అల్పము. నేతిని మానుటకు నాకు కారణమే లేదు! చరకసంహితలో గ్రహణిచికిత్సాధ్యాయమున తక్రమునకు ఎంత ప్రశంస యున్నదో నేను విద్యార్థిదశలోనే చదివితిని. చదివినవాడను ఆ తక్రమునే ముందుగ మానితిని. పాలలోని మాంసకృత్తులు పడక ఒడలు దద్దురులెక్కుట, ఊపిరాడకపోవుట మఱియొక వ్యాధి. అది నాది కాదు, అట్టివారు పాలకు దూరముగ నుండవలసినదే.

పిక్కలు పట్టుటకు పూర్తి కారణమిది యని వైద్యుడు చెప్పలేదు గాని, సున్నపుధాతువు కొఱతయు నాలో కనబడినది. పెద్దవారికి దినమునకు 1000 మిల్లీగ్రాములు కావలయును. ఆవుపాలు నూఱు మిల్లీలీటర్లలో 120 వఱకు ఉండును. పాలు మానవలసివచ్చినవారికి చోళ్లు పెద్ద దిక్కు. నూఱు గ్రాములలో 340కి పైగా కలదు. నువ్వులు, మునగాకు, తోటకూరయు మంచివే. బి12కు మాత్రము ఇట్టి ప్రత్యామ్నాయము పెరటిలో దొఱకదు. మాత్రయో సూదిమందో తప్పదు.

నాకు సూదిమందు మొదట దినము విడిచి దినము, పిమ్మట వారమున కొకటి, ఇప్పుడు నెల కొకటి. ఇంగువ బియ్యపుపిండి కలిపినది తెప్పించుకొంటిమి. చోళ్లను ఇంటనే తిరుగలితో విసరుచున్నాము. మా యామెకు మోకాళ్లనొప్పి గనుక విసరునది నేనే. ఆఱు మాసములైన పిదప వైద్యుని అనుమతితో పలుచని మజ్జిగ నాలుగు చెంచాలతో మొదలిడి, నెలకు పెరుగన్నమునకు వచ్చితిని. పాలు ఇప్పుడు అరగ్లాసు పడుచున్నవి. నాలుక మంట మూడు వారములలో పోయెను. మోకాళ్ల తిమ్మిరి పోయెను. స్వర్గవర్గము తిరిగి నోటికి వచ్చినది. ఐనను పాఠము చెప్పునప్పుడు పుస్తకము ప్రక్కన నుంచుకొనుచున్నాను. ఎడమపాదపు వ్రేళ్లకు స్పర్శ రాలేదు, ఇంక రాకపోవచ్చునని చెప్పిరి. ఆలస్యమైనది. జపము కూర్చుండియే చేయుచున్నాను.

ఇంక నా మాట విన్న యిద్దఱి సంగతి. వైద్యుని యింటినుండి వచ్చిన మఱునాడే మిత్రునొద్దకు పోయి జరిగినది చెప్పి, రక్తము పరీక్షింపజేయించితిని. ఆయనకును లోటు కనబడినది, కాని నరములకు హాని రాకమునుపే తెలిసినది. నన్ను ఏమియు అనలేదు. కాఫీ తెప్పించి, తన గ్లాసులో పాలు కొంచెము ఎక్కువ పోయమని లోపలికి కేక వేసెను. పిన్ని యింటికి భయపడుచునే పోయితిని. ఆమె వాకిట కూర్చుండి నా కథ యంతయు విని, "నువ్వు చెప్పావని పాలు మానాను గానీ, మజ్జిగ ఎవరు మానారురా? మజ్జిగ లేకుండా ముద్ద దిగుతుందా?" అని, లోపలికి పోయి నాకొక గ్లాసెడు తెచ్చి ఇచ్చినది. అందు ఇంగువ వేయలేదు గదా యని యడిగి త్రాగితిని.